విశ్రాంతిదినము – కూలివాని న్యాయము
(అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



“క్రైస్తవ విశ్వాసము – సాంఘిక న్యాయము” అను అంశము మాకు ఇయ్యబడినది. ఇది సముద్రమంత విషయము. ఇట్టి అంశముపై ప్రసంగించువారు సాధారణముగా ఇంగ్లండులో విల్బర్‌ఫోర్సుగారు బానిస వ్యాపారముపై చేసిన పోరాటమును, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌గారి త్యాగమును చెప్పుదురు. అవి చెప్పదగినవే. అయితే మన పల్లెలలో, మన తాత ముత్తాతల నాటనే, ఈ విశ్వాసము న్యాయమును ఎట్లు పుట్టించెనో మన పిల్లలకు తెలియకుండ పోవుచున్నది. అందుచేత మేము దూరము పోక, పది ఆజ్ఞలలో ఒక్క ఆజ్ఞను పట్టుకొని మాటలాడ దలంచితిమి. అది విశ్రాంతిదినమును గూర్చిన నాలుగవ ఆజ్ఞ. (ఇక్కడ అతిథులుగా కూర్చున్న లూథరన్ సోదరులు దీనిని మూడవ ఆజ్ఞగా లెక్కింతురు. లెక్కలో భేదమే గాని ఆజ్ఞలో భేదము లేదు.)

మనకు సండేస్కూలులో ఈ ఆజ్ఞను నేర్పునప్పుడు నిర్గమకాండము ఇరువదవ అధ్యాయము నుండి నేర్పిరి. దేవుడు ఆరు దినములలో సృష్టిని ముగించి ఏడవ దినమున విశ్రమించెను గనుక మనమును విశ్రమింపవలెనని అచ్చట కారణము చెప్పబడినది. మంచిది. అయితే అదే ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములో మరల వచ్చినప్పుడు మోషే వేరొక కారణము చెప్పుచున్నాడు. సృష్టి మాట అక్కడ లేదు. నీ దాసుడును నీ దాసియు నీవలెనే విశ్రమింపవలెను, ఎందుకనగా నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివి అని దాని భావము. ఈ రెండవ కారణమును మనము కంఠస్థము చేయలేదు. మొదటి కారణము దేవుని మహిమను చూపును. రెండవ కారణము యజమానుని గుమ్మములో నిలిచి, లోపల పనిచేయుచున్న మనిషిని చూపును. మనకు మొదటిదే సుళువుగా నున్నది.

ఐగుప్తులో ఏమి జరిగెనో జ్ఞాపకము చేసికొనుడి. మోషే అహరోనులు ఫరో యొద్దకు పోయి మొదట అడిగినది రాజ్యము కాదు, భూమి కాదు. మూడు దినముల ప్రయాణమంత దూరము పోయి తమ దేవుని ఆరాధించుటకు సెలవు అడిగిరి. అనగా వారి మొదటి కోరిక ఆరాధన కొరకు సెలవు! దానికి ఫరో యిచ్చిన జవాబు ఏమి? వీరు సోమరులు, అందుకే దేవుడు ఆరాధన అని మొఱపెట్టుచున్నారు అని చెప్పి, ఇటుకలకు గడ్డి యిచ్చుట మానిపించి, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపలేదు. కూలివాడు విశ్రాంతి అడిగినప్పుడెల్ల యజమానుని నోట ఈ “సోమరి” అను మాటయే వచ్చుచుండుట మీరు గమనించి యుందురు.

ఇప్పుడు ఐగుప్తు నుండి ఒంగోలుకు వత్తము. ఒంగోలు సంగతి మన మిషను చరిత్ర కాదు, బాప్తిస్టు సోదరుల చరిత్ర. అయినను తెలుగు క్రైస్తవులందరికి అది ఉమ్మడి ఆస్తి.

1866లో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సోదరుడు ఒంగోలులో జాన్ క్లౌ దొరగారి యొద్ద బాప్తిస్మము పొందెను. ఆయన తోళ్ల వ్యాపారము చేయుచు ఊరూర తిరిగినవాడు. తాను వినిన సువార్తను తన స్వగ్రామమైన తాళ్లకొండపాడులోను చుట్టుపట్టుల గూడెములలోను తానే చెప్పుకొనెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు అక్కడికి వెళ్లి గుడారము వేయునప్పటికి 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా నుండిరి. మిషనెరీ విత్తక ముందే పేరయ్యగారు విత్తిరి. మన చరిత్ర పుస్తకములలో దొరగారి ఫోటో పెద్దదిగాను పేరయ్యగారి మాట చిన్నదిగాను ఉండుట మాకెప్పుడును నచ్చలేదు.

ఆ కొత్త విశ్వాసులకు నేర్పిన కట్టడలు మూడే మూడు. విగ్రహములకు మ్రొక్కరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. ఆదివారము పని చేయరాదు.

ఈ మూడును వినుటకు కేవలము మతాచారములుగా తోచును. కాని మాదిగవాడ జీవితము ఎరిగినవారికి ఒక్కొక్కటి ఎంత బరువైన మాటయో తెలియును. ఊరిలో పశువు చచ్చిన యెడల దానిని లాగివేయుట, మోట బావులకు తోలు సంచులు కుట్టుట, చెప్పులు కుట్టుట, జాతరకు డప్పు కొట్టుట, కోతలకు నూర్పులకు పిలిచినప్పుడు పోవుట – ఇవన్నియు తరతరముల కట్టుబాట్లు. వీటికి ప్రతిఫలముగా కళ్లములో కొలిచి యిచ్చు గింజలు. ఎన్ని గింజలో నిర్ణయించువాడు ఇచ్చువాడే. పుచ్చుకొనువానికి మాట లేదు. విగ్రహములకు మ్రొక్కరాదనగా జాతరలో డప్పు కొట్టరాదని అర్థము. చచ్చిన పశువును తినరాదనగా, ఇన్నాళ్లు ఊరు మీకు వేసిన ముద్దను మేము ముట్టము అని ఊరి ముఖము మీద చెప్పుట.

ఆదివారపు కట్టడ అన్నిటికంటె కష్టమైనది. పంట కోతకు వచ్చినప్పుడు కాపునకు ఆదివారమేమి, సోమవారమేమి? మబ్బు పట్టినచో ఆ దినమే కుప్ప వేయవలెను. అట్టి దినమున కూలివాడు “అయ్యా, నేడు నేను రాను, నేడు నా దేవుని దినము” అని చెప్పెను. ఇది వెట్టి మానివేసిన మాట వంటిదే గదా! అప్పటివరకు అతని ఏడు దినములును ఊరివే. ఇప్పుడు ఒక దినము తనది అనుచున్నాడు. ఒక దినము తనదైనవాడు తక్కిన ఆరు దినములను గూర్చియు ఆలోచించును. ఈ సంగతి అతనికంటె ముందు యజమానులకు తెలిసెను.

అందుచేతనే హింస వచ్చెను. పని నుండి తీసివేసిరి. గింజలు నిలిపిరి. నీళ్లకు, దారికి, దుకాణమునకు అడ్డము చెప్పిరి. అబద్ధపు కేసులు పెట్టిరి. మన గోదావరి, కృష్ణా తీరములలోను తెలంగాణ పల్లెలలోను పెద్దవారినడిగినచో ఇటువంటి కథలే తమ తాతల పేర్లతో చెప్పుదురు. పగలు దొరకని కాలమును రాత్రియందు వెదకికొని, పొలము నుండి వచ్చి, గంట కొట్టగానే చాపలు పరచుకొని ప్రార్థనకు కూడిన ఆచారము మన పల్లెసంఘములలో అట్లే స్థిరపడినది. ఆ రాత్రి ప్రార్థనను నేడు మనము వెనుకబడిన వాడుకగా చూచుచున్నాము.

వారికి ఈ ధైర్యము ఎక్కడిది? చదువు లేదు. భూమి లేదు. సంఘములో లెక్క కూడ కొద్ది. దొరగారి అండ అని కొందరందురు. కాని దొరగారు నలుబది మైళ్ల అవతల ఉండగా, తెల్లవారకముందే కాపు గుమ్మములో నిలిచి జవాబు చెప్పవలసినవాడు ఆ కూలివాడే. మాకు తోచినది ఇది: తన యజమానునికి పైన ఇంకొక యజమానుడున్నాడని అతడు నిజముగా నమ్మెను. న్యాయము అను మాట అతడు వినియుండడు. హక్కు అను మాట అసలే వినియుండడు. ఆరాధించుటకు ఆజ్ఞ యున్నదని మాత్రము వినెను. ఆ ఆజ్ఞకు లోబడుటకు పోగా దారిలో అన్యాయము అడ్డము వచ్చెను. విశ్వాసము మన జనులను న్యాయమునకు నడిపించిన తోవ ఇదే.

క్లౌ దొరగారిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఆయన ఒంగోలులో అగ్రవర్ణముల పిల్లలకు బడి పెట్టిరి. మాదిగలు గుంపుగా బాప్తిస్మమునకు వచ్చుట చూచి ఆ పిల్లల తండ్రులు, వీరిని చేర్చుకొన్నచో మేము రాము అనిరి. దొరగారు, దొరసానిగారు వేర్వేరు గదులలో వేదము తెరువగా ఇద్దరికిని కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగము, లోకములో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగము, దొరికెనని చెప్పుదురు. బడి పోయెను. వాడ మిగిలెను.

తరువాత 1876 మొదలు 1878 వరకు ధాత సంవత్సరపు కరువు వచ్చెను. కరువు పనిగా బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండగా, పేదలకు కూలి సరిగా చేతికందవలెనని క్లౌ దొరగారు మూడు మైళ్లకు పైబడిన భాగమునకు తామే కాంట్రాక్టు పుచ్చుకొనిరి. సువార్తికులే మేస్త్రీలుగా నిలిచిరి. పగలు మన్ను కొలిచి, విశ్రాంతి వేళ జనుల మధ్య కూర్చుండి ఓదార్పు చెప్పిరి. కరువు ఉన్నంతకాలము దొరగారు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. గింజల కొరకు వచ్చిరను మాట రాకూడదని. పని ముగిసిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరేసి చొప్పున వంతులు వేసికొనిరి.

ఇంకొక చిన్న సంగతి చెప్పి దీనిని విడిచిపెట్టుదుము. అమెరికాలో “సోషల్ గాస్పెల్” అనబడిన ఉద్యమమునకు పేరొందిన పండితుడు వాల్టర్ రౌషెన్‌బుష్. వేదాంత కళాశాలలలో ఆయన పుస్తకములను గొప్పగా చదివింతురు. ఆయన అక్క ఎమ్మాగారు ఒంగోలులో క్లౌ దొరగారి రెండవ భార్య. 1907లో తమ్ముని పేరెన్నికగన్న గ్రంథము వెలువడుటకు ఎనిమిదేండ్ల ముందే, 1899లో, ఆమె తెలుగు మాదిగల జీవితమును గూర్చి “వైల్ సూయింగ్ శాండల్స్” అను గ్రంథము ప్రచురించిరి. కనుక సాంఘిక సువార్త పడమటి నుండి ఓడనెక్కి మన రేవులో దిగినదని తలంచువారు, చెప్పులు కుట్టుకొనుచు దానిని జీవించిన మన పెద్దలను కూడ లెక్కలో వేసికొనవలెను.

చరిత్రలో ఒక విచిత్రమున్నది. 321వ సంవత్సరములో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటీను ఆదివారమును సెలవు దినముగా శాసించెను. న్యాయాధిపతులకు సెలవు, పట్టణవాసులకు సెలవు, చేతిపనులకు సెలవు. పల్లెటూరి సేద్యపు పనికి మాత్రము మినహాయింపు! కాలము దాటినచో పంట చెడునని కారణము చెప్పెను. అనగా విశ్రాంతి పట్టణములోనికి వచ్చి పొలము గట్టున ఆగిపోయెను. ఆ గట్టును తాళ్లకొండపాడు కూలివాడు దాటెను.

న్యాయము మన ఒక్కరి సొత్తు కాదని కూడ ఒప్పుకొందము. బొంబాయి మిల్లు కార్మికులకు 1890 జూన్ 10న ఆదివారపు సెలవు సాధించిన నారాయణ మేఘాజీ లోఖండేగారు క్రైస్తవులు కారు. జోతిరావు ఫూలేగారి అనుచరులు. దేవుడు తన ఆజ్ఞను ఎవరి చేతనైనను నెరవేర్పగలడు. ఆజ్ఞను కంఠస్థము చేసినవారు ఊరకుండినచో మరి తప్పక అట్లే చేయును.

ఇక మన కాలమునకు వత్తము. మా మాటలు ఇక్కడ నుండి కొందరికి రుచింపకపోవచ్చును.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక పట్టణ సంఘములో సేవ చేయుచుండగా, బుధవారపు కూడిక ముగిసిన తరువాత అయిదుగురు స్త్రీలు వెనుక నిలిచిరి. వారు ఇండ్లలో పాచిపని చేయువారు.

“అయ్యగారూ, ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి మాకొక ఆరాధన పెట్టించండి” అనిరి.

“పది గంటల ఆరాధన ఉన్నది కదమ్మా?”

“ఏడింటికల్లా పనిలోకి పోవాలయ్యా. ఆదివారం పని ఎక్కువ. చుట్టాలొస్తారు. కూరలు ఎక్కువ చేస్తారు.”

“ఎవరి ఇండ్లలో?”

వారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. వారిలో పెద్దామె చెప్పినది: “మన గుడికొచ్చే వాళ్ల ఇళ్లల్లోనేనయ్యా. వాళ్లు గుడి నుంచి వచ్చేసరికి వంటకు అన్నీ సిద్ధం చేసి పెట్టాలి గదా!” ఆమె గొంతులో నిష్ఠూరము లేదు. తాను ప్రభువు బల్లలో పాలు పొంది ఏడాది దాటినదని మాత్రము ఇంకొక మాట చేర్చినది.

తెల్లవారుజాము ఆరాధన వెంటనే ప్రారంభించితిమి. కాని అది సగము పనియే. విషయమును కమిటీలో పెట్టగా ఒక పెద్ద, ఇది ఇంటి సంగతి, కమిటీ సంగతి కాదు అనిరి. ఇంకొకరు, ఆదివారము బదులు మంగళవారము సెలవిత్తుము, పుణ్యము అదే గదా అనిరి. దుకాణములోనో, ఆసుపత్రిలోనో వంతుల పద్ధతి తప్పదు. అక్కడ వేరొక దినము ఇచ్చుట న్యాయమే. కాని ఆరాధించు దాసిని ఆరాధన వేళలోనే పనిలో నిలిపి, మనము పోయి ఆరాధించుట సంగతి వేరు. కమిటీలో నున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఆ దినమున ఏమియు మాటలాడలేదు. మరుసటి శనివారము తన పనిమనిషితో, రేపు రావద్దు, జీతము తగ్గదు అని చెప్పిరి. శనివారము రాత్రియే చింతపండు పులుసు కాచి ఉంచుకొని, ఆదివారము పులిహోర కలిపిరి. అంతే. సంవత్సరము తిరుగునప్పటికి పదకొండు ఇండ్లవారు అట్లే చేసిరి. తక్కినవారు నవ్వుచు తప్పుకొనిరి.

ఇక్కడ గృహిణుల మాటయు చెప్పుదుము. ఆజ్ఞలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద అని వరుసగా చెప్పబడినది గాని భార్య పేరు లేదు గనుక ఆమెకు సెలవు లేదని మా స్నేహితుడొక గురువు హాస్యమాడును. “నీవు” అను మాటలో భార్యయు ఉన్నదని మేము అతనికి ఎప్పుడును చెప్పుదుము. పనిమనిషికి సెలవిచ్చి ఆ గిన్నెలన్నియు భార్య మీద వేసిన భర్త ఆజ్ఞను గైకొన్నవాడు కాడు.

లూకా సువార్త పదమూడవ అధ్యాయములో పదునెనిమిది ఏండ్లు నడుము వంగిపోయిన ఒక స్త్రీని ప్రభువు విశ్రాంతిదినముననే, సమాజమందిరములోనే స్వస్థపరచెను. సమాజమందిరపు అధికారి కోపపడి, ఆరు దినములున్నవి గదా, అప్పుడు రండి అనెను. మీ ఎద్దును గాడిదను ఆ దినమున కట్టు విప్పి నీళ్లకు తోలుకొని పోవుచున్నారు గదా, ఈమె కట్టు విప్పరాదా అని ప్రభువు అడిగెను. నడుము వంచి గచ్చు తుడుచు స్త్రీని చూచినప్పుడెల్ల మాకు ఈ భాగము జ్ఞాపకము వచ్చును. ఆమె నిలువబడి దేవుని మహిమపరచుటకు ఆ దినము ఏర్పడెను. ఆ అధికారి దుష్టుడు కాడు. గుడి క్రమము చక్కగా జరుగవలెనని కోరిన మనిషియే. మనలో పలువురము అట్టివారమే.

దేశ చట్టములు కొంత చేసినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికునికి వారమునకొక దినము సెలవు ఖాయము చేసినది. 1976లో వెట్టిచాకిరి నిషేధ చట్టము వచ్చినది. ఇండ్లలో పనిచేయువారికి వారమునకు కనీసము వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసినది. మన దేశము దాని పక్షమున ఓటు వేసినది గాని ఇంకను దానిని ధ్రువీకరింపలేదు. మన ఇండ్లలో దానిని ధ్రువీకరించుటకు పార్లమెంటు అక్కరలేదు.

మనకును ఒక అన్యాయము జరిగినది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను మత ప్రాతిపదికపై నిర్ణయించినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని సవరించిరి. దళిత క్రైస్తవులకు సవరింపలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను అనుకూలముగా సిఫారసు చేసినను ఫలితము లేదు. ఈ విషయమై మనము ధర్నాలు చేసితిమి, మెమోరాండములు ఇచ్చితిమి. చేయవలసినదే; మానరాదు. అయితే ఒక కన్ను ఢిల్లీ మీద ఉంచినప్పుడు రెండవ కన్ను మన సంస్థల గేటు మీద ఉండవలెను. ఆ గేటు వద్ద పండ్రెండు గంటల డ్యూటీ చేయు వాచ్‌మన్‌కు వారపు సెలవు ఉన్నదా? హాస్టలు వంటమనిషికి ఉన్నదా? బడి ఆయాకు జీతము ఏ తేదీన ముట్టుచున్నది? కూలివాని కూలి తెల్లవారువరకు నీ యొద్ద ఉంచుకొనరాదని లేవీయకాండము కట్టడ. మన బళ్లలో కొన్నిచోట్ల మూడు నెలలు ఉంచుకొనుచున్నాము. అడిగినచో, ఇది సేవ గదా అనుచున్నాము. సేవ అను మంచి మాటను ఇంత చౌకగా వాడరాదు.

మన ముత్తాత కళ్లము దగ్గర నిలిచి ఒక దినము అడిగెను. ఆ దినము కొరకు గింజలు పోగొట్టుకొనెను. ఆ దినమున అతడు కూర్చున్న చాప మీదనే మన తాత అక్షరములు దిద్దెను. మన తండ్రి ఉద్యోగము చేసెను. మనము ఇల్లు కట్టి, ఆ ఇంటికి పనిమనిషిని పెట్టుకొంటిమి. ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ మన గుమ్మములోనికి వచ్చి నిలిచినది ఇట్లే.

శతవార్షికోత్సవమునకు మనము తోరణము కట్టుచున్నాము, శిలాఫలకము వేయుచున్నాము, ఈ సంచిక అచ్చు వేయుచున్నాము. దీనితోపాటు ప్రతి పాస్టరేటు కమిటీ ఒక పట్టిక తయారు చేయవలెనని బిషప్పుగారి అనుమతితో మనవి చేయుచున్నాము. మన గుడులలో, బళ్లలో, హాస్టళ్లలో, ఆసుపత్రులలో పనిచేయు ప్రతివారి పేరు, జీతము, జీతమిచ్చు తేదీ, వారపు సెలవు – ఈ నాలుగు గడులు చాలును. ఇండ్ల సంగతి బలవంతము లేదు. ఇష్టమున్న కుటుంబములవారు తమ ఇంటిలో పనిచేయువారికి జీతము తగ్గింపక ఆదివారపు సెలవిచ్చెదమని పేరు వ్రాసి యియ్యవచ్చును. వచ్చు కౌన్సిలు సమావేశమునకు సెక్రటరీలు ఈ పట్టికను తమ వెంట తీసికొని రాగలరు. అచ్చు ఫారములు వచ్చువరకు ఆగవలదు. రూళ్ల కాగితము మీద వ్రాసినను అంగీకరింపబడును.